పట్టాలో లేని పేరు: హిందూ కోడ్ బిల్లు నుంచి బుద్ధగయ పొలాల దాకా

గత వైశాఖ పూర్ణిమ నాడు మా విహారంలో వందన ముగిసి ఉపాసకులు పాయసం పంచుకుంటున్న వేళ, ఒక ఉపాసిక నా దగ్గరికి వచ్చి సంచిలో మడిచి తెచ్చుకున్న కాగితం విప్పి చూపింది. అది హక్కు విడుదల దస్తావేజు నకలు. ఆమె తండ్రి పోయి అప్పటికి ఏడాది. ఆయనకున్నది రెండెకరాలు. ఒక ఎకరం తాత నాటి నుంచి వస్తున్నది. మరొక ఎకరం ప్రభుత్వం ఇచ్చిన బంజరు పట్టా. ఆ రెండెకరాల మీద తనకు ఏ హక్కూ లేదని ఒప్పుకొంటూ సంతకం చేయమని అన్న అడుగుతున్నాడు. "బాబాయ్, మనం దీక్ష తీసుకున్నవాళ్ళం గదా. హిందువుల చట్టం మనకు వర్తించదు గనుక ఆడపిల్లకు వాటా అడిగే దారి లేదని అన్న అంటున్నాడు. నిజమేనా?" అని అడిగింది.

నిజం కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం రెండవ సెక్షన్ ప్రకారం ఆ చట్టం బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా వర్తిస్తుంది. ఆమెకు ఆ జవాబు అప్పటికప్పుడే చెప్పాను. అయితే ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దీక్ష పేరు చెప్పి చెల్లెలి వాటా కాదనే అన్న మన ఇళ్ళలోనే ఉన్నాడు. ఆ దీక్ష ఇచ్చిన మహనీయుడు అంతకు అయిదేళ్ళ ముందు, ఆడపిల్ల వాటాను కూడా నిర్ణయించే బిల్లు ఆగిపోయినందుకు మంత్రి పదవిని వదులుకున్నాడన్న సంగతి ఆ అన్నకు ఎవరూ చెప్పి ఉండరు. ఈ వ్యాసం ఆ అన్నాచెల్లెళ్ళిద్దరి కోసమూ రాస్తున్నాను.

బౌద్ధ వాఙ్మయంలో భూమినీ భవనాన్నీ దానం చేసిన స్త్రీల కథలు మనం తరచు వింటాం. దానగుణాన్ని మెచ్చుకొని ఊరుకుంటాం. ఒకరు ఇవ్వగలగాలంటే ముందు అది వారిది కావాలి గదా అన్న సంగతి మీద మన దృష్టి నిలవదు. వైశాలిలో అంబపాలి తన మామిడితోటను తథాగతుని ప్రముఖంగా గల సంఘానికి అర్పించింది. ఆ తోట ఆమె సొంతం. ఆమె గణిక, ఒకరి ఇంటికి కోడలు కాదు. ఆస్తి ఆమె చేతిలో ఉండడానికి అదీ ఒక కారణమని నేను అనుకుంటాను. శ్రావస్తిలోని విశాఖ కథ ఇంతకంటె భిన్నం. ఆమె కోడలు, గృహిణి. పెళ్ళినాడు తండ్రి ధనంజయ శ్రేష్ఠి ఆమెకిచ్చినది మహాలత అనే ఆభరణం. దానిని ఒకనాడు విహారంలో మరచి వచ్చిన విశాఖ, తిరిగి ధరించడానికి ఇష్టపడక అమ్మజూపింది. కొనగల వారెవరూ లేకపోగా తానే దాని వెల కట్టి, ఆ సొమ్ముతో స్థలం కొని పూర్వారామాన్ని నిర్మించిందని ధమ్మపద అట్ఠకథ చెబుతుంది. అంతటి సంపన్నుని కూతురికి కూడా పుట్టింటి నుంచి వచ్చినది నగ. ఆ నగను నేలగా మార్చుకున్నది ఆమె. నేటికీ మన పల్లెల్లో కొడుకుకు పొలం, కూతురికి నగ అన్నదే పద్ధతి. ఆ నగ నేలగా మారడం మాత్రం అరుదు. ఎక్కువగా అది తాకట్టు కొట్టుకు చేరుతుంది.

మన అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనాలలో ఒకటి మనవారికి ప్రత్యేకంగా ప్రియమైనది. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడైన విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కించిన ఫలకాన్ని దానమిచ్చాడు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళు అందరినీ ఆ దానంలో భాగస్థులుగా పేర్కొన్నాడు. ఒక చర్మకారుడు దాతగా శిలపై నిలిచినందుకు మనం గర్విస్తాం, గర్వించాలి కూడా. ఆ పంక్తిలో కూతుళ్ళున్నారన్న సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి, ఉపాసిక బోధిసిరి చేసిన దానాలు తెలిసినవే. ఒకరు రాజకుటుంబ స్త్రీ, మరొకరు కలిగిన ఇంటి ఉపాసిక. వారిని చూసి ఆనాటి కూలి స్త్రీకి కూడా భూమి ఉండేదని చెప్పబూనడం చరిత్ర కాదు. పుణ్యంలో కూతురికి పాలు పంచిన సంప్రదాయం మనకొకటి ఉన్నదని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు.

దానికి ఎదురుగా నిలిచిన సంప్రదాయం ఎలాంటిదో మనుస్మృతి చూపుతుంది. భార్యకు, కొడుకుకు, దాసునికి సొంత ఆస్తి లేదనీ, వారు ఆర్జించినది వారు ఎవరికి చెందినవారో వారిదేననీ అది శాసించింది. స్త్రీధనాన్ని ఆరు విధాలుగా లెక్కించింది. ఆ ఆరూ ఎవరో ఒకరు ప్రీతితో ఇచ్చినవే తప్ప హక్కుగా వచ్చినవి కావు. కల్యాణి చాళుక్యుల నాటి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర, కుటుంబ ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు స్థిరపరచింది. కూతురికి ఆ పుట్టుక హక్కు లేదు. ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. స్త్రీకి వారసత్వంగా వచ్చినది కూడా ఆమె స్త్రీధనమేనని విజ్ఞానేశ్వరుడు కొంత విశాలంగానే అర్థం చెప్పాడు. దానిని కుదించి, విధవకు అనుభవించే హక్కే గాని అమ్ముకొనే హక్కు లేదన్న పరిమిత హక్కును గట్టిపరచినది బ్రిటిష్ వారి ప్రీవీ కౌన్సిల్. దొరల న్యాయం మన స్త్రీలను విముక్తం చేసిందని చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1937లో విధవకు కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది. అదీ పరిమిత హక్కే. పైగా 1941లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం రాష్ట్రాలలోని వ్యవసాయ భూమికి వర్తించదని తేల్చింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం వ్యవసాయ భూమి వారసత్వం రాష్ట్రాల అధికారంలోనిది, కేంద్ర శాసనసభకు అందులో చొరవ లేదన్నది కారణం. ఫలితం ఏమిటంటే పట్నంలో మేడ ఉన్న విధవకు చట్టం అందింది. పల్లెలో పొలం తప్ప మరేమీ లేని విధవకు, రాష్ట్ర శాసనసభలు విడిగా చట్టం చేసేదాకా, అందలేదు. గ్రామీణ స్త్రీ భూమి హక్కు చరిత్రలో ఈ తీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. హక్కు ఇస్తారు, వ్యవసాయ భూమి దగ్గరికి వచ్చేసరికి ఒక మినహాయింపు పెడతారు.

రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో వారసత్వాన్ని చేర్చినప్పుడు "వ్యవసాయ భూమి తప్ప" అనే ఆ పాత షరతు లేదు. ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు బాబాసాహెబ్. అదే కాలంలో న్యాయశాఖ మంత్రిగా హిందూ కోడ్ బిల్లును నడిపిస్తున్నవాడూ ఆయనే. బి.ఎన్. రావు కమిటీ తయారుచేసిన తొలి ముసాయిదాలో కూతురి వాటా కొడుకు వాటాలో సగం. 1948లో బాబాసాహెబ్ నాయకత్వాన సెలెక్ట్ కమిటీ దానిని పూర్తి సమానం చేసింది. స్త్రీ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. కొడుకుల పుట్టుక హక్కు మీద నిలిచిన మితాక్షర ఉమ్మడి కుటుంబ ఆస్తినే రద్దు చేయాలని ప్రతిపాదించింది. అసలు గొడవ అక్కడే మొదలయింది. విడాకుల గురించి, కులాంతర వివాహం గురించి సభలో ఎంతో పెద్దగా వాదించినా, చాలామందికి లోపల నొప్పి పుట్టించినది పొలం వాటాయే అని ఆ చర్చలు చదివినవారికి అర్థమవుతుంది. కూతురికి వాటా ఇస్తే భూమి తునకలవుతుందన్నారు. అల్లుడి రూపంలో పరాయివాడు గట్టు మీదికి వస్తాడన్నారు. నలుగురు కొడుకులు నాలుగు ముక్కలు చేసుకుంటే రాని తునకల భయం ఒక్క కూతురు అడిగేసరికి ఎందుకు పుడుతుందో ఈనాటి వరకూ ఎవరూ వివరించలేదు.

తెలుగు నాయకులు ఈ విషయంలో రెండు వైపులా ఉన్నారు. దుర్గాబాయి బిల్లును సమర్థించింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య వ్యతిరేకించాడు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అయితే బిల్లుకు ఆమోదం తెలపడానికే విముఖుడయ్యాడు. 1951 సెప్టెంబరులో నాలుగు క్లాజులు గడిచాక బిల్లును పక్కన పెట్టారు. సెప్టెంబరు 27న బాబాసాహెబ్ రాజీనామా లేఖ ఇచ్చాడు. అక్టోబరులో సభలో ఆ ప్రకటన చదవడానికి తగిన అవకాశం రాకపోగా బయటకు వచ్చి పత్రికలకు ఇచ్చాడు. రాజీనామాకు ఆయన చెప్పిన కారణాలు మరికొన్ని ఉన్నాయి: షెడ్యూల్డు కులాల పట్ల ఉపేక్ష, విదేశాంగ విధానం మొదలైనవి. అయినా ఇంతకాలం మంత్రివర్గంలో నిలిచినది ఈ బిల్లు కోసమేనని ఆయనే చెప్పుకున్నాడు. అదే 1951లో కలకత్తాలోని మహాబోధి పత్రికలో హిందూ స్త్రీ ఉత్థాన పతనాల గురించి ఆయన వ్యాసం వెలువడింది. స్త్రీల పతనానికి బుద్ధుడు కారకుడన్న ఆరోపణను ఖండిస్తూ, ఆ బాధ్యత మనువుదని ఆయన అందులో నిరూపించాడు. పార్లమెంటులో వాటా గురించి వాదించిన మనిషే బౌద్ధ పత్రికలో ఈ వ్యాసం రాశాడు. ఆయనకు ఆ రెండూ వేరు పనులు కావు.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమలులోకి వచ్చింది. దానికి నాలుగు నెలలు తిరక్కుండానే అక్టోబరు 14న నాగపూరులో ధమ్మదీక్ష. బాబాసాహెబ్ ఏ మతం నుంచి బయటికి నడిచాడో ఆ పేరే మోస్తున్న చట్టం, ఆయన వెంట నడిచిన లక్షలాది మందికి కూడా వర్తిస్తూ వచ్చింది. ఇది మనవారిలో చాలామందికి కష్టంగా ఉంటుంది. నాకూ ఉంది. మనకు ఆ పేరెందుకని అడగవలసిందే. అడుగుతూనే, ఆ చట్టం ఇచ్చిన వాటాను మన కూతుళ్ళు వదులుకోకుండా చూడాలన్నది నా మాట. పేరు మీద అభ్యంతరాన్ని వాటా ఎగ్గొట్టడానికి వాడుకోవడం వేరే సంగతి.

ఆ చట్టం బాబాసాహెబ్ కోరినంత దూరం పోలేదు. స్త్రీ పరిమిత హక్కును పధ్నాలుగవ సెక్షన్ సంపూర్ణ హక్కుగా మార్చింది. ఇది చిన్న లాభం కాదు. కాని మితాక్షర ఉమ్మడి ఆస్తిని అలాగే ఉంచింది. దీని అర్థం లెక్కలో చూస్తేనే తెలుస్తుంది. ఒక రైతుకు నాలుగెకరాల పిత్రార్జితం, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారనుకుందాం; భార్య ముందే పోయింది. ఆయన పోయిన క్షణంలో ముందుగా తండ్రీ కొడుకులు చెరి రెండెకరాలు పంచుకున్నట్టు చట్టం ఊహిస్తుంది. తండ్రి వంతు రెండెకరాలను మళ్ళీ కొడుకు, కూతురు సమంగా పంచుకుంటారు. కొడుకుకు మూడు, కూతురికి ఒకటి. సమాన వాటా అన్న చట్టం కింద వచ్చిన లెక్క ఇది! దీనికి తోడు నాలుగవ సెక్షన్ రెండవ ఉపవిభాగం, భూపరిమితి, కౌలు హక్కుల వారసత్వం మొదలైన విషయాలలో రాష్ట్రాల చట్టాలదే పైచేయి అన్నది. ఉత్తరప్రదేశ్ జమీందారీ రద్దు చట్టం కొడుకులను ముందు నిలిపి కూతురిని ఎక్కడో దిగువ వరుసలో పెట్టింది. జమీందారు పోయాడు, ఆడపిల్లకు రావలసిన పొలం మాత్రం రాలేదు. 1941 నాటి మినహాయింపు మరొక తలుపు గుండా తిరిగి వచ్చింది. ఆదివాసీ స్త్రీలనయితే చట్టం మొత్తంగానే బయట ఉంచింది.

ఇంతవరకు చెప్పినదంతా తండ్రికి భూమి ఉన్న కూతురి సంగతి. తండ్రికీ భర్తకూ కూడా సెంటు భూమి లేని స్త్రీ సంగతి ఏమిటి? మనవారిలో అధికులు ఆ కోవలోని వారే. వారి కథకు మనం బుద్ధగయకు వెళ్ళాలి.

మహాబోధి ఆలయం కోసం అనగారిక ధర్మపాలుడు 1891 నుంచి సాగించిన ప్రయత్నమూ, 1949 నాటి ఆలయ చట్టమూ మన సంచికలలో ఎన్నోసార్లు వచ్చాయి. ఆలయం చుట్టూ ఉన్న పొలాల గురించి మనం రాసింది తక్కువ. ఆలయాన్ని తన ఆధీనంలో పెట్టుకున్న శైవ మఠమే గయ జిల్లాలో వేల ఎకరాలకు యజమాని. భూపరిమితి చట్టం వచ్చాక ఆ భూమి దేవతల పేర, ట్రస్టుల పేర, లేని మనుషుల పేర రాసి ఉండేది. దున్ని, నాటి, కోసినవారిలో అధికులు భుయ్యాలనే దళిత కులంవారు. మఠానికి తరతరాలుగా కట్టుబడిన కూలీలు. తథాగతుడు నేలను తాకి సాక్ష్యంగా పిలిచిన చోట, ఆ నేల మీద చెమటోడ్చినవారి పేరు ఏ రికార్డులోనూ లేదు.

జయప్రకాశ్ నారాయణ్ 1975లో స్థాపించిన ఛాత్ర యువ సంఘర్ష్ వాహిని యువకులు 1978లో అక్కడ పోరాటం ప్రారంభించారు. ఎవరు సాగుచేస్తే వారిదే భూమి అన్నది నినాదం. ఆడవాళ్ళు మొదటి నుంచీ ముందు వరుసలో ఉన్నారు. పొలాలను ఆక్రమించి విత్తనం చల్లారు, లాఠీదెబ్బలు తిన్నారు, జైళ్ళకు వెళ్ళారు. 1979 ఆగస్టులో కాల్పులు జరిగి కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 1981 నాటికి సుమారు వెయ్యి ఎకరాలు పంపిణీకి తేలాయి. ఎవరెవరికి ఇవ్వాలో ఊరివారు జాబితా తయారుచేశారు: భూమిలేని కూలీలు, వికలాంగులు, విధవలు, చిన్న రైతులు. ఆ జాబితాలో స్త్రీ పేరు రావాలంటే ఆమె విధవ అయి ఉండాలి.

స్త్రీలు అక్కడ అడ్డం తిరిగారు. పోరాటంలో సమానంగా నిలబడ్డాం గదా, పట్టాలో మా పేరెందుకు లేదన్నారు. భర్త చనిపోతే తప్ప భూమికి అర్హత రాదా అన్నారు. తాగి పొలాన్ని తాకట్టు పెట్టే మగవాడి పేర పట్టా రాస్తే మఠం చేతిలోంచి వచ్చిన భూమి షావుకారు చేతికి పోతుందన్నారు. మగవారి నుంచి వచ్చిన ఎదురు ప్రశ్న మనకూ తెలిసినదే: ఆడది నాగలి పట్టదు, మరి ఆమె సాగుదారు ఎలా అవుతుంది? నాగలి ముట్టరాదన్న నిషేధం పెట్టినదీ వారే, ముట్టలేదు గనుక హక్కు లేదన్నదీ వారే. మన తెలుగు నినాదాన్నే చూడండి: "దున్నేవాడిదే భూమి". నాటేది, కలుపు తీసేది, కోసేది, తూర్పారబట్టేది ఆ మాటలో లేదు. ఎన్నో ఊరేగింపులలో నేనూ ఆ నినాదం ఇచ్చినవాణ్ణే. అందులోని "వాడు" నా చెవికి తగలడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కొన్ని ఊళ్ళలో, వాటిలో కుసా, బీజా అనేవి ముఖ్యం, స్త్రీల వాదన గెలిచింది. మగవారు కూడా ఒప్పుకున్నారు. పట్టాలు స్త్రీల పేర రావాలని గ్రామసభ తీర్మానించింది. ఈసారి అడ్డు పడినది ప్రభుత్వ అధికారులు. పట్టా ఇంటి యజమానికే ఇస్తామనీ, ఇంటి యజమాని అంటే మగవాడనీ వారి మాట. ఊరివారు ఇచ్చిన జవాబు చరిత్రలో అరుదైనది. ఆడవాళ్ళ పేర రాయకపోతే మాకు భూమే వద్దన్నారు. మూడేళ్ళు దెబ్బలు తిని సంపాదించుకున్న భూమిని వద్దనడం ఏమిటో పేదవాడికే తెలుస్తుంది. ఎంతో పెనుగులాట తర్వాత కొన్ని ఊళ్ళలో స్త్రీల పేర పట్టాలు వచ్చాయి. ఈ ఘట్టాన్ని మణిమాల మానుషి పత్రికలో రాసింది. తర్వాత బీనా అగర్వాల్ దక్షిణాసియా స్త్రీల భూమి హక్కుపై 1994లో వెలువరించిన పెద్ద గ్రంథంలో దీనికి ముఖ్యస్థానం ఇచ్చింది.

బుద్ధగయ స్త్రీలు ఏ సెక్షనూ చదువుకోలేదు. కాని చట్టసంస్కరణలో ఉన్న అసలు చిక్కును వారు పట్టుకున్నారు. "కుటుంబానికి భూమి" అని చట్టం రాసినంతకాలం ఆ కుటుంబం తరఫున కాగితం మీద నిలిచేది ఒక మగపేరే. అలాంటి కాగితాల మీదనే అప్పు పుడుతుంది, పంట నష్టపరిహారం వస్తుంది, రైతు అన్న పేరు దక్కుతుంది. 2015-16 వ్యవసాయ గణనలో దేశంలోని కమతాలలో స్త్రీల సాగు కింద నమోదైనవి సుమారు 14 శాతం. పొలాల్లో వంగిన నడుములను లెక్కపెడితే వచ్చే సంఖ్య ఏమిటో పల్లెలో పెరిగిన ప్రతివారికీ తెలుసు.

ఉమ్మడి ఆస్తిలోని ఆ మూడు, ఒకటి లెక్కను మార్చడంలో తెలుగువారి పాత్ర చెప్పుకోదగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన సవరణ ప్రకారం 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురు కూడా పుట్టుకతో హక్కుదారు అయింది. ఒక షరతు మాత్రం పెట్టారు: ఆ తేదీకి ఆమెకు పెళ్ళి అయి ఉండరాదు. అక్కకు లేదు, చెల్లెలికి ఉంది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే బాట పట్టాయి. 2000లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ దేశమంతటికీ మార్పు సూచించింది. స్త్రీ సంఘాల ఒత్తిడితో 2005 సవరణ వచ్చింది. సెప్టెంబరు 9 నుంచి కూతురు, పెళ్ళయినా కాకపోయినా, కొడుకుతో సమానంగా పుట్టుక హక్కుదారు. ఇప్పుడు ఆ నాలుగెకరాలను లెక్కవేస్తే చెరి రెండు వస్తాయి. నాలుగవ సెక్షన్‌లోని ఆ ఉపవిభాగం కూడా తొలగిపోయింది. అప్పటికి తండ్రి జీవించి ఉండాలా అన్న తగాదా పదిహేనేళ్ళు కోర్టులలో నలిగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, హక్కు పుట్టుకతో వచ్చింది గనుక తండ్రి బ్రతికి ఉండనవసరం లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదపరాదు. బాబాసాహెబ్ రాజీనామా నుంచి లెక్కిస్తే సమాన వాటాకు పట్టిన కాలం యాభై నాలుగేళ్ళు.

బౌద్ధ దేశమయితే ఇంత ఆలస్యం జరిగేది కాదని కొందరు మిత్రులు అంటారు. సింహళం వైపు చూస్తే ఆ మాట నిలవదు. అక్కడి క్యాండీ ప్రాంతపు సంప్రదాయ చట్టంలో రెండు రకాల వివాహాలున్నాయి. అత్తింటికి వెళ్ళేది దీగ, భర్తను పుట్టింటికి తెచ్చుకునేది బిన్న. మన ఇల్లరికం వంటిది. బిన్న వివాహంలో కూతురి భూమి హక్కు నిలుస్తుంది, దీగ వివాహంలో పుట్టింటి భూమి మీద హక్కు పోతుంది. 1935 నాటి భూమి అభివృద్ధి ఆర్డినెన్సు కింద సర్కారు పంచిన భూములకు మగ వారసులే ముందు అన్న వరుసను 2022లో గాని సవరించలేదు. ఇల్లరికపు కూతురికి హక్కు మిగిల్చినందుకు ఆ సంప్రదాయాన్ని మెచ్చుకోవాలి, అత్తింటికి పోయిన కూతురిని మరచినందుకు తప్పుపట్టాలి. త్రిశరణాలు చదివినంత మాత్రాన గట్టు దానంతట అది జరగదు.

చట్టంలో ఇంకా లోపాలున్నాయి. తండ్రి వీలునామా రాసి కూతురిని తప్పించవచ్చు. సంతానం, భర్త లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె సొంతంగా సంపాదించుకున్నది కూడా పుట్టింటికి కాక భర్త వారసులకు పోతుంది. అత్తింటివారు తరిమేసిన ఒక విధవ కష్టార్జితం ఆ అత్తింటి వారికే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది ఈ సెక్షన్ వల్లనే. తెలంగాణ ప్రభుత్వం 2014లో భూమిలేని దళిత స్త్రీల పేర మూడెకరాలు ఇచ్చే పథకం ప్రకటించినప్పుడు, పట్టాలో స్త్రీ పేరు ఉండాలన్న బుద్ధగయ కోరిక సర్కారు ఉత్తర్వు అయిందని సంతోషించాను. అర్హులలో అది కొద్దిమందికే అందింది.

మన ఇళ్ళలో మాత్రం కూతురి వాటాను ఎక్కువగా తీసేస్తున్నది చట్టంలోని లోపం కాదు, విడుదల పత్రం మీద సంతకం. అది ఎలా జరుగుతుందో చాలాసార్లు చూశాను. తండ్రి పోయాక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం పెట్టిన దరఖాస్తులోనే పెళ్ళయిన కూతుళ్ళ పేర్లు వదిలేస్తారు. అలా కుదరకపోతే పెద్దకర్మనాడు చీర పెట్టి, కంటనీరు పెట్టి సంతకం అడుగుతారు. పసుపు కుంకుమల కింద ఇచ్చాం గదా అంటారు. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకుంటుంది. ఆ భయం చిన్నది కాదు, దాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు. అందరూ మరచే మరో మనిషి తల్లి. భర్త ఆస్తిలో ఆమె కూడా పిల్లలతో సమాన వారసురాలు. ప్రభుత్వం ఇచ్చిన బంజరు పట్టా కూడా వారసత్వంగా సంక్రమించేదే. అది కొడుకుకే చెందుతుందన్న మాట ఊరి మాట.

ఈ సంగతులన్నీ ఆ ఉపాసికకు విడమరచి చెప్పాను. ఆమె సంతకం చేయలేదు. తనకు డబ్బు వద్దనీ, కాలువ వైపు అరెకరం చాలుననీ, అమ్మ పేరు కూడా పాసు పుస్తకంలోకి ఎక్కాలనీ అన్నకు కబురు పంపింది. అన్న ఆ తర్వాత ఆమె ఇంట్లో భోజనం చేయలేదు. "పెద్దలు మీరంతా వచ్చి అన్నతో ఒక మాట చెప్పండి బాబాయ్" అని అడిగితే మా కమిటీలో విషయం పెట్టాను. కమిటీలో అందరమూ మగవాళ్ళమే. అది వారి ఇంటి విషయమని కొందరన్నారు. రెండు సమావేశాలు గడిచాయి.

రెండవ సమావేశంలో ఆమె తల్లి వెనక నిలబడి అంతా విని, మా విహారం స్థలం ఎవరి పేర ఉందని అడిగింది. ఆ స్థలం కొన్నది ఉపాసికలు ఇంటింటా తిరిగి పిడికెడు బియ్యం చొప్పున పోగుచేసి అమ్మిన సొమ్ముతో. దస్తావేజు బీరువాలోంచి తీసి చదివాం. అందులో ఏడు పేర్లున్నాయి, ఏడూ మగపేర్లే. ఆరవ పేరు నాది. వచ్చే నెల రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళాలని ఆరోజు తీర్మానం రాసుకున్నాం. ఆమె అన్న దగ్గరికి వెళ్ళడం కూడా అదే కాగితంలో రెండవ అంశంగా రాశాం.